గాజుతొట్టిలో గుప్పెడు చెరువు

ఇవాళ మీతో ఓ చిన్న గాజుతొట్టి సంగతి మాట్లాడదామని వచ్చాను. ఇంట్లో చేపలు పెంచడమంటే అదేదో డబ్బున్నవాళ్ల వేడుక అనీ, కాకపోతే పిల్లలు నాలుగు రోజులు ముచ్చటపడి వదిలేసే సరదా అనీ మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలా అనుకున్నదాన్నే. ఆ మాటకొస్తే, నా చేతులతో రెండు చేపల ప్రాణం తీసినదాన్ని కూడా.

మాది జగిత్యాల. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి పుట్టినరోజుకు గుండ్రటి గాజుబుడ్డీ ఒకటి, అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు, అడుగున రంగురంగుల రాళ్లు కొనిపెట్టాం. దసరా వచ్చింది. మీకు తెలియనిదేముంది, దసరా అంటే మనకు ఇల్లంతా దులపడం, కడగడమే కదా! అటక మీది ఇత్తడి సామాను దగ్గర నుంచి అన్నీ తళతళలాడించాను. ఆ ఊపులో చేపల బుడ్డీ కూడా ఖాళీ చేసి, సబ్బుపెట్టి తోమి, రాళ్లను మూడుసార్లు కడిగి, అప్పుడే వచ్చిన నల్లా నీళ్లు నిండా పోశాను. అద్దంలా మెరిసిపోయింది. మర్నాడు సాయంత్రానికి రెండు చేపలూ వెల్లకిలా తేలాయి. బడి నుంచి వచ్చిన పిల్ల ఏడవలేదు. నా ముఖం చూసి, "అమ్మా, నువ్వు కడిగినందుకే చచ్చిపోయినయా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. నిజంగానే నాకు తెలియదు. తెలుసుకుందామని మొదలుపెట్టిందే ఈ కథంతా.

చేప నీళ్లలోనే తింటుంది, నీళ్లలోనే విసర్జిస్తుంది. ఆ విసర్జన నుంచీ, తినకుండా మిగిలిన మేత నుంచీ అమోనియా పుడుతుంది. అది చేప మొప్పలను కాల్చే విషం. చెరువులోనూ ఇదే జరుగుతుంది. కానీ అక్కడ నీరు అపారం, పైగా బురదలో, రాళ్లమీద, మొక్కల కాండాలమీద కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లాదిగా కాపురం ఉంటాయి. వాటిలో ఒక జాతి అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఈ నైట్రేటు చేపకు పెద్ద హాని చెయ్యదు, మొక్కలకైతే ఎరువు. మొక్కలున్నచోట ఇంకో సుఖం ఉంది. అవి అమోనియానే నేరుగా పీల్చేసుకుంటాయి, పగటి వెలుగులో ప్రాణవాయువునూ వదులుతాయి.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చూడండి. బుడ్డీలో మొక్క అన్నది లేదు. రాళ్లమీద కాస్తో కూస్తో పట్టిన ఆ మేలుచేసే జీవులను సబ్బుతో తోమి పారేశాను. మిగిలిన వాటిని నల్లా నీళ్లలోని క్లోరిన్ చంపింది. అదే క్లోరిన్ చేపల మొప్పలనూ కాల్చింది. మన కంటికి అది శుభ్రం. చేపకు మాత్రం పాలు లేని ఇల్లు, తోడు లేని గిన్నె!

తోడు అన్నాను కదూ, సరిగ్గా అదే పోలిక. పాలలో చెంచాడు పాత పెరుగు వేస్తేనే కొత్త పెరుగు తోడుకుంటుంది. గిన్నెలు ఎంత తళతళలాడినా తోడు లేకపోతే పెరుగు రాదు. తొట్టి కూడా అంతే, తోడుకోవాలి. ఏమీ లేని కొత్త తొట్టి దానంతటది తోడుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో పాత తొట్టి ఉంటే, అందులోని ఫిల్టరు స్పాంజిని కొత్త తొట్టిలో పిండి తెచ్చుకోండి, తొందరగా తోడుకుంటుంది. ఆ స్పాంజిని నల్లా కింద కడగకండి. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు.

ఈ మొక్క, చేప సంబంధం ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన 1849లో పన్నెండు గ్యాలన్ల పాత్ర ఒకటి తీసుకున్నాడు. మన లెక్కలో సుమారు 54 లీటర్లు. అడుగున ఇసుక, మట్టి, రాళ్లు వేసి, రిబ్బను లాంటి ఆకులుండే వాలిస్నేరియా అనే నీటిమొక్కను నాటి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత రాలిన ఆకులు కుళ్లి నీళ్లు పాడవడం మొదలైంది. అప్పుడాయన చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకును తినేశాయి, నీరు తేటపడింది. 1850లో ఈ సంగతి శాస్త్రజ్ఞుల సంఘానికి రాసి పంపాడు. అప్పటికి కరెంటు పంపులూ లేవు, ఫిల్టర్లూ లేవు. ఆయన వాడిన వాలిస్నేరియా మన దేశపు చెరువుల్లో, కాలువల్లో కూడా పెరిగేదే. ఈమధ్య కాలంలో, 1999లో, అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆమె ఇదే దారిని పుస్తకంగా విడమరిచి చెప్పింది. అడుగున మామూలు తోటమట్టి, దానిమీద గులకరాళ్లు, తొట్టి నిండా మొక్కలు, చేపలు మాత్రం తక్కువ. అంతే ఆవిడ పద్ధతి.

ఫోన్లలో కనిపించే తొట్టి బొమ్మలు, పచ్చిక బయళ్లూ కొండలూ ఉన్నవి, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఒరవడి జపాన్‌కు చెందిన తకాషి అమానోది. ఆయన 2015లో కన్నుమూశారు. చూడటానికి రెండు కళ్లూ చాలవు. కానీ అలాంటివాటికి బొగ్గుపులుసు వాయువు సిలిండరు, పెద్ద పెద్ద లైట్లు, వారం వారం కత్తిరింపులు కావాలి. మన వంటింటి గూట్లో పెట్టుకునే తొట్టికి అవన్నీ ఎందుకండీ!

తొట్టి ఎంత ఉండాలి? చిన్నదైతే సులభమని మనం అనుకుంటాం. నిజం దానికి తలకిందులు. నీళ్లు ఎంత తక్కువైతే అంత తొందరగా వేడెక్కుతాయి, అంత తొందరగా చెడతాయి. నా మాట విని 20 లీటర్లకు తగ్గకండి. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే 20 లీటర్లు పడతాయి. ఒక మినరల్ నీళ్ల క్యాను అన్నమాట. నీళ్లే 20 కిలోలు, మట్టీ గాజూ కలిపితే 30 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి అల్లాటప్పా స్టూలు మీద పెట్టొద్దు. గుండ్రటి బుడ్డీలు అసలే వద్దు. మూతి చిన్నదవడం వల్ల గాలి తగలదు.

ఇక నీళ్ల సంగతి. ఇది మా ముగ్గురక్కచెల్లెళ్లం దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం. నేను తొట్టి పెట్టానని విని కోరుట్లలో ఉన్న చెల్లె ఒకటి, సిరిసిల్లలో ఉన్న చిన్న చెల్లె ఒకటి పెట్టుకున్నారు. మూడిళ్లు, మూడు రకాల నీళ్లు.

మా ఇంట్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు. అందులో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి టబ్బులో పట్టి ఒక పగలూ ఒక రాత్రీ మూతలేకుండా ఉంచితే పోతుంది. తొందరైతే దుకాణంలో క్లోరిన్ విరిచే చుక్కల మందు దొరుకుతుంది. వెనకటి ఫోటో స్టూడియోల్లో వాడిన హైపో కూడా ఆ పనికి వచ్చేదే.

కోరుట్ల చెల్లె ఇంట్లో బోరు నీళ్లు. గిన్నెలమీద తెల్లటి పొర కడతాయే, ఆ రకం. క్లోరిన్ బాధ లేదు గానీ సున్నపు లవణాలు ఎక్కువ. అందులో గప్పీలు, మోలీలు హాయిగా బతుకుతాయి. ఆమె మాత్రం ముందు ఎర్రగీత నీలిగీతల నియాన్ టెట్రాలు తెచ్చింది. అవి అమెజాన్ అడవుల మెత్తటి నీళ్ల చేపలు. నెల తిరగకుండా ఒక్కటీ మిగల్లేదు. ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. క్షారగుణం ఎక్కువున్న నీళ్లలో, అదీ ఎండాకాలంలో, అమోనియా విషం మరీ ముదురుతుంది. అందుకే బోరు నీళ్ల తొట్టిలో మొక్కలు ఇంకా దట్టంగా ఉండాలి.

సిరిసిల్ల చెల్లె మనందరికంటే తెలివైంది లెండి! "మనం తాగే మంచినీళ్లే చేపకూ పోస్త" అని క్యాను నీళ్లు పోసింది. ఆ నీళ్లలో లవణాలన్నీ వడకట్టేసి ఉంటాయి. మొక్కల ఆకులు పలచబడి కరిగిపోయాయి. "అక్కా, గింత పైసలు పెట్టి కొన్న నీళ్లల్ల గూడ బతకకపాయె!" అని ఫోన్లో వాపోయింది. సగం క్యాను నీళ్లు, సగం బోరు నీళ్లు కలపమన్నాను. పదిహేను రోజుల్లో కొత్త చిగుళ్లు వేశాయి. ఆమె ఇంటి వెనకే మరమగ్గాల షెడ్డు. పొద్దస్తమానం దూది నుసి ఎగిరివచ్చి నీటిమీద పొరలా పేరుకునేది. తొట్టిమీద సన్నటి జాలీ మూత వేశాక ఆ పీడ వదిలింది.

ఇప్పుడు అమర్చడం. ఎరువు వెయ్యని, మందు కొట్టని ఎర్రమట్టి తీసుకుని, జల్లించి, పుల్లా ఆకూ ఏరేసి, అడుగున అంగుళం మందాన పరచండి. నల్లరేగడి వద్దు, నీళ్లు మబ్బుపట్టి ఎంతకీ తేరవు. దానిమీద అంగుళం మందాన ముతక ఇసుక. ఇసుకను బియ్యం కడిగినట్టు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. అందం కోసం రాళ్లు పెట్టాలనుకుంటే ఒక రాయిమీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుస నురగ వస్తే అది సున్నపురాయి, పక్కన పెట్టేయండి. నీళ్లు పోసేటప్పుడు ఇసుకమీద ఒక పళ్లెం పెట్టి, దానిమీదుగా మెల్లగా పోస్తే మట్టి లేవదు.

మొక్కలు మొదటిరోజే దట్టంగా నాటాలి. తొట్టి నేలలో ముప్పాతిక భాగం మొక్కలే ఉండాలంటాను నేను. వెనక వరసలో వాలిస్నేరియా. పక్కల హైడ్రిల్లా, మన చెరువుల్లో కాళ్లకు చుట్టుకునే నాచే అది. వేగంగా పెరుగుతుంది కాబట్టి మొదట్లో విషాన్ని లాగేయడానికి అంతకు మించింది లేదు. ముందుభాగంలో దుకాణంలో దొరికే అనూబియాస్ గానీ జావా ఫెర్న్ గానీ పెట్టుకోవచ్చు. వీటికి అల్లం కొమ్ములాంటి దుంప ఉంటుంది, దాన్ని మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది. రాయికి దారంతో కట్టాలి. చెరువు నుంచో కాలువ నుంచో తెచ్చిన మొక్కను మాత్రం నేరుగా వెయ్యకండి. పొలాల మందులు పట్టి ఉండొచ్చు, జలగలు రావొచ్చు. విడి బకెట్లో వారం ఉంచి, రెండుమూడుసార్లు నీళ్లు మార్చాక నాటండి.

వెలుతురు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు సరిపోతుంది. కిటికీ ఎండలో పెడితే గాజంతా పచ్చపాచి పడుతుంది, నీళ్లూ కాగుతాయి.

ఆ తర్వాత ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు. ఇదే మన ఆడవాళ్లకు కష్టమైన పని! మొదటి వారంలో నీళ్లు గంజిలా తెల్లబడతాయి. మన చెయ్యి ఊరుకోదు, ఒంపేసి కొత్తవి పోద్దామని లాగుతుంది. పోయకండి. అది సూక్ష్మజీవులు పుట్టుకొచ్చే దశ, దానంతటదే తేరుకుంటుంది. చేప లేకుండా నాలుగు వారాలు ఓపిక పట్టండి. అయితే ఆ నాలుగు వారాలూ తొట్టిమీద దోమతెర గుడ్డ బిగించి కట్టడం మరవకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి కదలని తేటనీటిలోనే. గుడ్డు దోమై ఎగరడానికి వారం పదిరోజులు చాలు. చేప వచ్చాక ఆ బెంగ లేదు, పిల్లదోమలను చేపే తినేస్తుంది. దోమలను అరికట్టడానికి గంబూసియా అనే చేపను 1928లోనే ఇటలీ నుంచి మన దేశానికి తెప్పించారు.

20 లీటర్లలో ఎన్ని చేపలంటారా? ఒక్క ఫైటరు చేప, లేదా అయిదు మగ గప్పీలు. అంతే. ఆడ గప్పీని కలిపితే నెల నెలా పురుడే, ఒక్కో కాన్పుకు ఇరవై ముప్పై పిల్లలు! ఫైటర్లు రెండు మగవి కలిస్తే చచ్చేదాకా కొట్టుకుంటాయి. ఫైటరు మన కొర్రమట్టెలాగా పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. అంగట్లో టబ్బులో కాసిని నీళ్లలోనే కొర్రమట్టె బతికి ఉండటం మీరు చూసే ఉంటారు. ఈ గుణం ఉందనే దుకాణాల్లో ఫైటర్లను గ్లాసెడు నీళ్లలో పెట్టి అమ్ముతారు. ప్రాణం ఉండటం వేరు, సుఖంగా ఉండటం వేరు కదండీ. గోల్డ్‌ఫిష్ మాత్రం ఈ తొట్టికి పనికిరాదు. అది జానెడు పెరిగే చేప, పదేళ్లు పైబడి బతకగలిగే చేప. మా బుడ్డీలోవి నాలుగు నెలలు కూడా ఉండలేదు.

మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి, రోజుకొకసారి. గుడి కోనేట్లో చేపలకు మరమరాలు చల్లే అలవాటు మనది. తొట్టిలో ఆ పని వద్దు, అన్నం మెతుకులూ వద్దు. వారానికో రోజు పస్తు పెట్టినా చేపకు ఏమీ కాదు.

నీళ్లు తగ్గితే పైన పోస్తూ పోతే చాలదా అని కోరుట్ల చెల్లె అడిగింది. పులుసు మరిగి ఇగిరితే ఏమవుతుంది? నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పు గిన్నెలోనే ఉండిపోయి పులుసు ఉప్పెక్కుతుంది. తొట్టి కూడా అంతే. అందుకని వారానికోసారి నాలుగు లీటర్లు తీసేసి, సిద్ధంగా ఉంచుకున్న నాలుగు లీటర్లు పోయండి. తీసిన నీళ్లు పారబొయ్యకండి, తులసికోటలోనో కరివేపాకు చెట్టుకో పోయండి. ఎంత ఏపుగా వస్తాయో చూడండి.

మన ప్రాంతంలో అసలైన పరీక్ష ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారా? మే నెలలో జగిత్యాల వైపు 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఇంట్లో ఉన్న నీళ్లు కూడా 34, 35కు చేరతాయి. నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరులో 8 మిల్లీగ్రాములకు కాస్త పైన ఇమిడేది, 35 దగ్గర 7కు పడిపోతుంది. అదే వేడికి చేపకు మాత్రం ఊపిరి ఎక్కువ అవసరమవుతుంది. రాత్రిపూట మొక్కలు కూడా ప్రాణవాయువునే పీలుస్తాయి కాబట్టి తెల్లవారుజామున కరువు మరీ ఎక్కువ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అర్థం అదే.

చాలామంది కంగారుపడి ఐసుగడ్డలు వేస్తారు. వద్దు. ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. మన రంజన్ నీళ్లు చల్లబడే ఉపాయమే ఇక్కడా. తొట్టి మూత తీసి, జాలీ ఉంచి, చిన్న టేబుల్ ఫ్యాను గాలి నీటిమీద తగిలేట్టు పెట్టండి. ఆవిరవుతూ నీళ్లు రెండుమూడు డిగ్రీలు దిగుతాయి. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. గాజు చుట్టూ తడి నూలుగుడ్డ చుట్టినా మంచిదే. చిన్న గాలిపంపు, స్పాంజి ఫిల్టరు రాత్రిళ్లు నడపండి. మేత సగానికి తగ్గించండి. మృగశిర చినుకు పడేదాకా ఈ జాగ్రత్తలు తప్పవు.

ఇంకొక్క మాట. చేపలో మొక్కలో ఎక్కువైతే పుణ్యం వస్తుందని చెరువులో, వాగులో వదలకండి. తొట్టి పాచి నాకుతుందని అమ్మే నల్లచేప ఒకటుంది, అడుగుకు పైగా పెరుగుతుంది. అలా వదిలినవి పెరిగి పెద్దవై మన జలాశయాల్లో జాలర్ల వలలు చింపుతున్నాయి. మన చెరువులను మింగేస్తున్న గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పూల అందం చూసి పైదేశం నుంచి తెచ్చుకున్నదే. ఎక్కువైన మొక్కను ఎండబెట్టి కుండీలో వెయ్యండి, ఎక్కువైన చేపను తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. కోరుట్ల చెల్లె ఇంట్లో పొరపాటున ఒక ఆడ గప్పీ చేరింది, ఇప్పుడు వాడకట్టు పిల్లలంతా సీసాలు పట్టుకుని వస్తున్నారు. మరిది దుబాయిలో ఉంటాడు. రాత్రి వీడియో కాల్లో పెళ్లాం బిడ్డల కంటే ముందు చేపలను చూపించమంటున్నాడని ఆమె కంప్లెయింటు!

మా ఇంట్లో ఇప్పుడున్నది ఒకే ఒక నీలం ఫైటరు. రెండు ఎండాకాలాలు దాటింది. మొన్న దసరాకు ఎప్పటిలాగే ఇల్లంతా కడిగాను. తొట్టి దగ్గరికి వచ్చేసరికి గాజుమీద మా అమ్మాయి అంటించిన కాగితం కనిపించింది. "అమ్మ ముట్టుకోవద్దు" అని రాసి, కింద చేప బొమ్మ గీసింది. గాజుకు బయటివైపు మాత్రం పొడిగుడ్డతో తుడిచి వచ్చేశాను.